నీటికాకి తెల్లబడదు

గుడివాడ
19 జనవరి 2025, ఆదివారం

ఖాలాకి,

సలాం. నిన్న వసీం భాయ్ టిఫిన్ క్యారేజీ ఇచ్చి వెళ్ళాడు. బందరు బస్సులో నీ కొడుకు కండక్టరు కావడం వల్ల గుడివాడలో నాకు ఎంత వైభోగమో నీకు తెలియదు. "రైట్ రైట్" అంటూనే కిటికీలోంచి నీ ఖీమా నా చేతిలో పెట్టాడు. ఆ వాసనకి వెనక సీటాయన "కండక్టరు గారూ, నేనూ ఇక్కడే దిగిపోతానండీ" అన్నాడు.

నీ చెవులు ఫోనుకి పనిచేయడం మానేశాక మనకి ఉత్తరాలే గతి. నాకిదే నయం. అమ్మీ పోయిన దగ్గర్నుంచీ ఆవిడ తోబుట్టువుగా నన్ను పెంచింది నువ్వే గానీ, నా మాట చివరిదాకా విన్నది మాత్రం ఈ ఉత్తరాలు మొదలయ్యాకే.

స్కూలు సంగతి అడిగావు. మొన్న పేరెంట్స్ మీటింగులో ఒకాయన నా పేరు విని కళ్ళజోడు సర్దుకున్నాడు. "తెలుగుకి అస్మా మేడమా? మరి ఉర్దూకెవరండీ?" అన్నాడు. అందరూ నవ్వారు. "ఉర్దూకి ఎవరూ లేరండీ, మీరొస్తారా?" అన్నాను. మళ్ళీ నవ్వారు, ఈసారి ఆయన తప్ప. రెండోసారి నవ్వు నా పక్షానే ఉన్నా, గదికొచ్చాక అన్నం సయించలేదు. ఎమ్మే తెలుగు ఫస్ట్ క్లాసులో ప్యాసయ్యాను. అదంతా మొహానికి అతికించుకుని తిరగాలా?

ఆ కోపంలోనే శనివారం చివరి పీరియడ్‌లో పిల్లలకి కథ చెప్పాను. ఆ పీరియడ్ నాదే, సిలబస్ ఉండదు. కథ నీకూ రాస్తున్నాను.

కృష్ణమ్మ సముద్రంలో కలిసేచోట, పాలకాయతిప్పకి అవతల, ఒక లంక. అందులో తెల్లకొంగలు, నీటికాకులు. మంచినీళ్ళ పాయ కొంగలది, ఉప్పు బురద నీటికాకులది. ఎందుకంటే నీటికాకి మునిగితే దాని నలుపు నీళ్ళకంటుకుంటుందట. ఆ నీళ్ళు తాగితే కొంగలకి నల్లపిల్లలు పుడతాయట. "ఎవరు చూశారు?" అని ఒక కొంగపిల్ల అడిగింది. "మా తాత చూశాడు" అన్నాడు కొంగల పెద్ద. తాతనడిగితే ఆయన తాత చూశాడు. (ఇక్కడ పిల్లలందరూ "చూశాడా? చూశాడా?" అని బల్లలు చరిచారు.) ఎండాకాలమొచ్చి బురద ఎండిపోయింది. ఒక నీటికాకి అందరూ చూస్తుండగా నడుచుకుంటూ వెళ్ళి మంచినీళ్ళ పాయలో బుడుంగున మునిగింది. చేపతో లేచింది. కొంగలన్నీ మెడలు సాచి నీళ్ళలోకి చూశాయి. నీళ్ళు నీళ్ళలాగే ఉన్నాయి.

అంతే కథ. "తర్వాత కొంగలేం చేశాయి టీచర్?" అనడిగారు. అది మీరే చెప్పాలన్నాను. బెల్లు కొట్టినా కదలరే!

ప్రిన్సిపాల్ వెంకటసుబ్రహ్మణ్యం గారు వరండాలో నిలబడి విన్నారట. వచ్చే నెల పదిహేనున అవనిగడ్డలో స్కూళ్ళ నాటిక పోటీలున్నాయి. దీన్నే నాటిక చేయమన్నారు. నా కథ స్టేజీ ఎక్కబోతోంది ఖాలా!

ఖీమాలో ఈసారి ఉప్పు తగ్గింది. నీకు బీపీ అయితే నాకెందుకు శిక్ష?

నీ
అస్మా


బందరు
23 జనవరి

అస్మాకి,

దువాలు. నీ ఉత్తరం కుట్టు మిషను పక్కన పెట్టుకుని చదివాను. చదువుతూ ఒక జాకెట్టుకి రెండు చేతులూ ఒకేవైపు కుట్టేశాను. విప్పడానికి పొద్దంతా పట్టింది.

కథ ఎవరి గురించో నాకు అర్థం కాదనుకున్నావా? నా కూతురు ముబీనా చెప్పి రాయించిందా, నీ అంతట నువ్వే రాశావా? ఆ కొంగల పెద్ద నేనేగా. నీటికాకి, ముబీనా చేసుకుంటానంటున్న మస్తాన్. గుడివాడలో కూర్చుని నన్ను పిల్లల ముందు నిలబెట్టి బల్లలు చరిపించావు.

నీకు తెలియనిదేముంది? మస్తాన్ చెడ్డవాడని నేనెప్పుడూ అనలేదు. పరుపుల కొట్టు బాగానే నడుపుకుంటున్నాడు, సిగరెట్టు కూడా తాగడు. కానీ వాళ్ళు నూర్‌బాషాలు. తరతరాలుగా దూది ఏకినవాళ్ళు. ఇంట్లో ఒక్కరికి ఉర్దూ ముక్క రాదు, సలాం కూడా తెలుగు యాసలో చెప్తారు. రేపు నా మనవలు నన్ను నానీ అనకుండా అమ్మమ్మా అంటే నేనేమైపోవాలి? మా అన్నయ్య చెప్పనే చెప్పాడు, ఆ సంబంధం చేస్తే గడప తొక్కనని. పుట్టింటివాళ్ళంటూ నాకు మిగిలింది ఆయనొక్కడే.

నీళ్ళు నల్లబడ్డాయా లేదా అని మెడ సాచి చూడటం నీకు తేలిక. నీళ్ళలో ఉండేది నేను.

ఉప్పు కావాలంటే గుడివాడలో దొరుకుతుంది, కొనుక్కో.

ఖాలా


గుడివాడ
2 ఫిబ్రవరి, ఆదివారం

ఖాలా,

సలాం. గుమ్మడికాయల దొంగెవరంటే భుజాలు తడుముకున్నట్టుంది నీ ఉత్తరం. నేను రాసింది ఆ కళ్ళజోడు ఆయన మీద. నువ్వూ మస్తాన్ నా మనసులోకే రాలేదు, ఒట్టు. కానీ నువ్వే వచ్చి కొంగల మధ్య కూర్చున్నావు గనక ఒక మాట అడుగుతాను.

అస్మాకి తెలుగెలా వస్తుందని ఇక్కడ అడుగుతున్నారు. మస్తాన్‌కి ఉర్దూ ఎందుకు రాదని అక్కడ నువ్వడుగుతున్నావు. మేమిద్దరం ఎక్కడికి పోవాలి? ఇంకో సంగతి. నీకు ఉర్దూ మాట్లాడటమే గానీ రాయడం రాదు. నన్ను తిట్టిన ఉత్తరం కూడా ఎంత చక్కటి తెలుగులో ఉందో చూసుకున్నావా? "నీళ్ళలో ఉండేది నేను" అన్న వాక్యం నా పదో తరగతి పిల్లలకి చదివి వినిపించాలనిపించింది.

కోపం తర్వాత పడుదువుగాని. ఇక్కడ పెద్ద గొడవయింది.

రిహార్సలు చూడటానికి కరస్పాండెంట్ గారొచ్చారు. అంతా నవ్వుతూ చూశారు. చివర్లో "ఇదేంటి, ముగింపు లేదే?" అన్నారు. ఇదే ముగింపండీ అన్నాను. "కాదమ్మా, జనానికేదో అందాలి. దివిసీమలో పోటీ, హంసలదీవి పక్కనే ఉంది. కాకి సంగమంలో మునిగి హంసయి లేచిందని మన పెద్దవాళ్ళు చెప్తారుగా. నీ పక్షిని కూడా అక్కడ ముంచు. తెల్లగా లేస్తుంది. చప్పట్లు మోగిపోతాయి" అన్నారు.

ఆ కథ నాకూ ఇష్టమే ఖాలా. కానీ అది పాపం కడుక్కున్న కాకి కథ. నా నీటికాకి ఏ పాపం చేసింది? నల్లగా పుట్టింది, అంతే.

ఆ మాట అప్పుడు నోట్లోనే ఉండిపోయింది. అసలు దెబ్బ తర్వాత తగిలింది. నీటికాకి వేషానికి క్లాసులో అందరూ చేతులెత్తితే చీట్లు వేశాం, ఐదో తరగతి రెబెకాకి వచ్చింది. ఎంత బాగా మునుగుతుందనుకున్నావు, నీలం చీర రెండువైపులా పట్టుకుంటే నిజంగా ఏరే అనిపిస్తుంది! కరస్పాండెంట్ గారు ఆ పిల్లని పిలిచి, గడ్డం పట్టుకుని, "మంచిదాన్నే పట్టారు. రంగు ఖర్చు కలిసొచ్చింది. చివర్లో డబ్బాడు పౌడరు కొడితే సరిపోద్ది" అన్నారు. అందరూ నవ్వారు. రెబెకా కూడా నవ్వింది.

సాయంత్రం బ్యాగు తగిలించుకుని నా దగ్గరికొచ్చి మెల్లగా అడిగింది. "టీచర్, ఆ పౌడరు పోటీ అయిపోయాక కూడా ఉంచుకోవచ్చా?"

ఏం చెప్పమంటావు ఖాలా? బుధవారంలోగా ముగింపు మార్చి చూపించమన్నారు.

అస్మా


బందరు
5 ఫిబ్రవరి

అస్మాకి,

దువాలు. నీ ఉత్తరం వసీం మధ్యాహ్నం ఇచ్చాడు. వెంటనే రాస్తున్నాను, రాత్రి ట్రిప్పులో అందుతుంది.

పిల్ల మాట చదివి నాకూ ఉసూరుమనిపించింది. అయినా నా మాట విను. పౌడరే కదా, రాసెయ్యి. నాటిక అవగానే మొహం కడిగేస్తే పోయేదానికి పంతమెందుకు? ఆ ఉద్యోగం కోసం ఎన్ని స్కూళ్ళ మెట్లెక్కావో నీకు గుర్తులేదేమో, నీ చెప్పులకి గుర్తుంది.

ఇంకోటి. నీ పేరు అస్మా. హంసలదీవిలో మునిగితే కాకి తెల్లబడదని నీ స్నేహితురాలు మేధ అంటే అది కథ గురించి అన్నట్టుంటుంది. నువ్వంటే అలా ఉండదు. రేపెవడో నీ మాట ఫోనులో రికార్డు చేసి పదిమందికి పంపితే? నువ్వు గదిలో ఒంటరిగా ఉంటావు. నాకు నిద్ర పట్టడంలేదు.

సర్దుకోవడం నేర్చుకో. నేను నేర్చుకోలేదా? నువ్వన్నావని కాదుగానీ, ముబీనా మొహం చూడలేక నేనే ఒక దారి వెతికాను. మస్తాన్ సంబంధానికి ఒప్పుకున్నాను. అవును, ఒప్పుకున్నాను! రంజాన్ వెళ్ళాక నిఖా. ఒక్కటే అడిగాను. పెళ్ళి కార్డులో నూర్‌బాషా అని ఉండకూడదు, షేక్ మస్తాన్ అని వేయించాలి. కార్డు ఉర్దూలో ఒకవైపు కొట్టిస్తాం. వాళ్ళ నాన్న పేరు కింద వృత్తి గట్రా ఏమీ వద్దు. మా అన్నయ్య కూడా "అలాగైతే వస్తాను" అన్నాడు. చూశావా, ఎవరూ నొచ్చుకోకుండా ఎంత తేలిగ్గా అయిపోయిందో. ముబీనా ఏమీ అనలేదు. సంతోషం ఎక్కువైనట్టుంది.

ఖీమాలో ఉప్పు వేశాను.

ఖాలా


గుడివాడ
9 ఫిబ్రవరి, ఆదివారం

ఖాలా,

సలాం. మొదట నా సంగతి. నాకు ఉద్యోగం లేదు.

బుధవారం కరస్పాండెంట్ గారి గదిలోకి వెళ్ళేటప్పటికి నీ ఉత్తరం ఇంకా రాలేదు. వచ్చినా మారేదేమీ లేదు. "మార్చావామ్మా?" అన్నారు. లేదండీ అన్నాను. "ఎందుకు?" "మునిగినా తెల్లబడకపోవడమే కథండీ. తెల్లబడితేనే పాయలోకి రానిస్తామంటే, కొంగల పెద్ద చెప్పిందే నిజమని మనం ఒప్పుకున్నట్టు." ఆయన కుర్చీలో వెనక్కి వాలారు. "నీకు మన స్థలపురాణం అంటే గౌరవం లేదా?" అన్నారు. నువ్వు భయపడిన మాటే, చూడు! "ఉందండీ. అందులో కాకికి పాపం ఉంది, కడుక్కుంది. నా పక్షికి పాపమేమిటో చెప్పండి, నేనే ముంచుతాను" అన్నాను.

పక్కనే ఉన్న ప్రిన్సిపాల్ వెంకటసుబ్రహ్మణ్యం గారు గోడ మీద క్యాలెండరు చూస్తూ నిలబడ్డారు. మంచాయనే. మంచివాళ్ళందరూ ఆరోజు క్యాలెండర్లే చూశారు. "రేపట్నుంచి రానక్కర్లేదు" అన్నారు కరస్పాండెంట్ గారు. నాటిక మేధకి అప్పజెప్పారు. నాతోపాటు పనిచేసే లెక్కల టీచరు మేధ, ఒకే బాక్సులో అన్నం తిన్న మేధ, "అలాగే సార్, తెల్లగానే లేపుతాను" అంది. నా వైపు చూడలేదు. సాయంత్రం ఫోన్ చేసింది, ఎత్తలేదు. ఎత్తను.

ఇప్పుడు నీ సంగతి. నువ్వు రాసిన దారి నాలుగుసార్లు చదివాను. ఖాలా, అది కూడా పౌడరే. నువ్వు మస్తాన్‌ని అల్లుడిగా ఒప్పుకోలేదు. ముంచి, తెల్లగా లేపి, అప్పుడు ఒప్పుకున్నావు. ముబీనా ఏమీ అనకపోవడం సంతోషం ఎక్కువై కాదు. అది నీకూ తెలుసు, అందుకే ఆ వాక్యం చివర్న రాశావు.

షేక్ అని వేసిన కార్డు నాకు పంపకు. ఆ పెళ్ళికి నేను రాను. నన్ను పెంచినదానివి, నీ చేత్తో కుట్టిన బట్టలే ఇవాళ్టికీ కట్టుకుంటున్నాను. అయినా రాను.

ఖీమా తిన్నాను. ఉప్పు సరిపోయింది.

అస్మా


బందరు
16 ఫిబ్రవరి, ఆదివారం

అస్మాకి,

దువాలు. నీ ఉత్తరం చదివి రెండు రోజులు మండిపోయాను. మూడోరోజు, అంత పొగరు పుట్టించిన ఆ కథేమిటో నా కళ్ళతో చూద్దామని అవనిగడ్డ బయల్దేరాను. బస్సులో నిలబడలేనంటే ముబీనా "మస్తాన్ అక్కడికే పరుపులు దింపడానికి వెళ్తున్నాడు" అంది. ఆరోజే ఆ ఊళ్ళో అంతమందికి పరుపులు ఎందుకు కావాల్సొచ్చాయో నేనడగలేదు. ట్రాలీ ఆటోలో ముబీనాతోపాటు పరుపు మీద కూర్చుని పులిగడ్డ వారధి దాటాను. కింద కృష్ణ, పైన నేను, నవాబు బేగంలాగా.

దారిలో మస్తాన్‌ని ఉర్దూలో కదిపాను. "అర్థమవుద్దండీ, మాట్లాడ్డమే రాదు" అన్నాడు నాకు వినపడేలా గట్టిగా, సిగ్గుపడకుండా. కార్డు సంగతి ఎత్తితే కాసేపు రోడ్డు చూశాడు. "మీ ఇష్టమండీ. ముబీనా కోసం ఏదైనా వేయించండి" అన్నాడు. గెలిచాననుకున్నాను.

నీ నాటిక వచ్చింది. మైకు గట్టిగా ఉండటంతో నాకూ వినపడింది. రెబెకా మునిగింది. నీలం చీర వెనక ఎవరో పౌడరు కొడుతుంటే పొగలాగా పైకొచ్చింది, జనం నవ్వారు. తెల్లటి గౌనులో, తెల్లటి మొహంతో లేచింది. చప్పట్లు. మీ కరస్పాండెంటట, ముందు వరసలో అందరికంటే గట్టిగా కొట్టాడు.

అప్పుడు స్టేజీ మీదికి నల్లబట్టల్లో ఒక బుల్లి నీటికాకి పరిగెత్తుకొచ్చింది. నీ కథలో లేదే ఇది! రెండో తరగతి పిల్లాడు, చాంద్ అని పక్కావిడ చెప్పింది. నీళ్ళ దగ్గర నిలబడి "అమ్మా! అమ్మా!" అని పిలిచాడు. రెబెకా చేతులు చాపింది. వాడు వెనక్కి జరిగాడు. "నువ్వు కాదు. మా అమ్మ నల్లగా ఉంటుంది. మా అమ్మనేం చేశారు?" అన్నాడు.

రెబెకా గౌను అంచు ఎత్తి మొహం తుడుచుకోవడం మొదలెట్టింది. నాటికలో తుడుచుకున్నట్టు కాదే, ఆ పిల్ల నిజంగా తుడుచుకుంది. చెంపలు, ముక్కు, మెడ, చెవుల వెనక. "నేనేరా. ఇప్పుడు చూడు" అంది. వాడు దగ్గరికెళ్ళి మొహం చూసి మెడ చుట్టూ చేతులేశాడు. కొంగల పెద్ద వేషం వేసిన పిల్లాడు చేసేదేమీ లేక తనూ చప్పట్లు కొట్టాడు.

ప్రైజు రాలేదు. కరస్పాండెంట్ లేచి వెళ్ళిపోయాడు. మేధ స్టేజీ పక్కన నిలబడి ఏడుస్తోంది. వెళ్ళి నేను అస్మా ఖాలానని చెప్పాను. "తెల్లగా లేపమన్నారు, లేపానండీ. పిల్లాణ్ణి పెట్టొద్దని ఎవరూ అనలేదుగా. తుడుచుకోవడం మాత్రం నేను నేర్పలేదు, అది రెబెకాదే. అస్మా నా ఫోనెత్తడంలేదండీ" అంది. ఫోనెత్తు. ఆ పిల్ల నీకు ద్రోహం చేయలేదు.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో నాకు ఒకటే తలపు. రేపు ఆ కార్డు మస్తాన్ వాళ్ళమ్మ చేతికిస్తారు. ఆవిడకి చదువొచ్చు, తెలుగు. షేక్ మస్తాన్ అని చూసి, కార్డు తిప్పి తిప్పి, "ఇందులో మా అబ్బాయి ఏడండీ?" అని నన్నడిగితే నేనేం చెప్పాలి?

చల్లపల్లిలో ఆటో ఆపించాను. మస్తాన్ టీ తెచ్చాడు. "మీ నాన్న పేరేంటయ్యా?" అన్నాను. చెప్పాడు. "ఆయన పేరూ, ఇంటిపేరూ, పరుపుల కొట్టూ అన్నీ వేయించు. తెలుగులోనే వేయించు, ఉర్దూ అయితే తప్పులు పడినా పట్టుకునేవాళ్ళు లేరు మనింట్లో" అన్నాను. వాడు టీ ఒలకబోసుకున్నాడు. ముబీనా పరుపు మీద పడి ఏడ్చింది. అమ్మకానికి తెచ్చిన పరుపది.

ఇవాళ పొద్దున అన్నయ్యకి కబురుచేశాను. రానన్నాడు. పొద్దుటినుంచీ గుండె బరువుగానే ఉంది, దాచను. రాకపోతే ఆయన వాటా బిరియానీ నీకు పెడతాను.

నువ్వొస్తావుగా?

ఖాలా


గుడివాడ
19 ఫిబ్రవరి

నా ఖాలాకి,

వస్తాను. ముందురోజే వచ్చి ఉల్లిపాయలు కోస్తాను. మామూ వాటానే కాదు, నీ వాటా కూడా తినేస్తాను.

మేధ ఫోనెత్తాను. ఇద్దరం చాలాసేపు ముక్కులు చీదుకున్నాం. నిన్న సాయంత్రం తను గదికొచ్చింది, వెంట వెంకటసుబ్రహ్మణ్యం గారు. ఆయన కుర్చీ అంచున కూర్చుని, "రెబెకా వాళ్ళ నాన్న స్కూలుకొచ్చాడమ్మా. మా పిల్లకి పౌడరెందుకు కొట్టారని అడిగాడు. వెనక ఇంకో నలుగురు పేరెంట్స్. ఆ తెలుగు మేడమ్ ఏరీ అన్నారు. కరస్పాండెంట్ గారు నిన్ను మళ్ళీ రమ్మన్నారు" అన్నారు.

నా మొహం వెలిగే ఉంటుంది. ఆయన వెంటనే కళ్ళు దించుకున్నారు.

"ఒక్కటేనమ్మా. కథలు పుస్తకంలోవే చెప్పాలి. శనివారం ఆ పీరియడ్ తీసేసి మోరల్ సైన్సు పెడతారట. సొంతవి చెప్పనని ఒక కాయితం మీద..."

"రాసివ్వను సార్."

"ఊరికే ఒక సంతకం."

"పౌడర్లు నాకు పడవు సార్" అన్నాను. ఆయన నవ్వలేదు. ఈసారి క్యాలెండరు చూడలేదు, నా గదిలో లేదు కూడా. లేచేటప్పుడు, "కాయితం ఇవ్వలేదని చెప్తాను. నాకు ఇంకో తెలుగు టీచరు దొరకలేదని కూడా చెప్తాను. ఆపైన ఆయనిష్టం" అన్నారు. ఆయన గొంతులో అంత గట్టి మాట నేనెప్పుడూ వినలేదు.

ఏమవుతుందో తెలియదు ఖాలా. భయం లేదంటే అబద్ధం. అయినా శనివారం వెళ్తున్నాను. లోపలికి రానిస్తే చివరి పీరియడ్‌లో కొత్త కథ చెప్తాను. గేటు దగ్గర ఆపితే గేటు దగ్గరే చెప్తాను. బెల్లు కొట్టాక పిల్లలు ఇంటికెళ్ళాల్సింది ఆ దారినేగా.

నీ
అస్మా